టోపీ పెట్టుకున్న పాఠకుడు

ఆ శనివారం పొద్దున లోర్న్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కెనడాలో తానుండే థండర్ బేలోని మాజీ సైనికుల హాల్లో జరిగే పుస్తక చర్చకు వెళ్ళి, వెనక బల్ల దగ్గర కూర్చుని, తన నవల గురించి జనం ఏమనుకుంటున్నారో చెవులారా విని వచ్చేయాలి.

యుద్ధం ముగిశాక దెయ్యాల రాజ్యం గుండా ఇంటికి నడిచి వెళ్ళే ముగ్గురు మాజీ సైనికుల కథ అది. కళ్ళద్దాల కొట్టు నడుపుకునే లోర్న్ దాన్ని మారుపేరుతో రాశాడు. తుపాకీ పట్టిన పాపాన పోలేదు. అందుకే, అసలు సైనికులు ఛీకొడితే రెండో భాగం జోలికే పోకూడదనుకున్నాడు.

"నేనే రాశానని చెప్పరాదూ?" అంది భార్య ఒడెట్, టోస్టుకు వెన్న రాస్తూ.

"చెబితే మొహమాటానికి పొగుడుతారు. నాకు నిజం కావాలి" అంటూ, కొట్టుకు వచ్చేవాళ్ళెవరైనా గుర్తుపడతారేమోనని టోపీ కళ్ళదాకా లాక్కున్నాడు.

కొంప ముంచింది ఆ టోపీయే. లోపల అడుగు పెట్టాడో లేదో, బారు దగ్గరి గంట గణగణ మోగింది. ఆ హాల్లో టోపీ తియ్యనివాడు అందరికీ బీరు పోయించాలి. గుట్టుగా వచ్చిన మనిషికి హాలంతా చప్పట్లు కొట్టింది.

"రావయ్యా దాతా, ముందుకొచ్చి కూర్చో!" అని పిలిచింది థెల్మా. ఒకప్పుడు సార్జెంటు, ఇప్పుడు ఈ పుస్తక చర్చకు పెద్ద. "నవల చదివావా?"

"ఆ... చదివాననే అనుకుంటా."

"అయితే మొదటి మాట నీదే!"

 పొగిడితే దొరికిపోతానని లోర్న్ నోటికొచ్చినట్టు తిట్టేశాడు. "చెత్త మేడమ్! రాసినవాడు జన్మలో బూటు తొడిగినట్టు లేడు. చచ్చిపోయినవాడి బూట్లు తల్లికిచ్చే ఆ ఘట్టమైతే వట్టి ఏడుపుగొట్టు."

 థెల్మా గ్లాసు కింద పెట్టింది.

"మా దళంలో పోయిన కుర్రాడి బూట్లు వాళ్ళమ్మకు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. గుమ్మంలో ఏం చెప్పాలో తెలియక చలి గురించి మాట్లాడాను. ఇందులోనూ అంతే! రాసినాయన ఎవరో గానీ మాతోపాటే నడిచాడు. నువ్వు లేచి పో!"

లోర్న్ కళ్ళు చెమర్చాయి. అంత సంతోషం అతను ఎన్నడూ ఎరగడు. "అది రాసింది నేనే మేడమ్!"

"ఇప్పుడు అబద్ధాలు కూడానా? బీరు పోయించావని ఊరుకుంటున్నా. మళ్ళీ ఈ గడప తొక్కావంటే చూడు!"

మరుసటి నెల ప్రచురణకర్త ఫోను చేశాడు. "మీ ఊరి మాజీ సైనికులు మిమ్మల్ని ముఖ్య అతిథిగా రమ్మంటున్నారు. ఎవరో సార్జెంటమ్మ, ఒకటే పట్టు!"

లోర్న్ సూటు వేసుకుని, టోపీ ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. గుమ్మంలో థెల్మా నిలబడి ఉంది.

"మళ్ళీ నువ్వేనా? తప్పుకో, రచయితగారు వచ్చే వేళయింది!"

"అదే మేడమ్, ఆ రచయిత..."

"తప్పుకోమన్నానా!"

ప్రచురణకర్తతో ఒక్క మాట చెప్పిస్తే నమ్మేదే. కానీ తన పుస్తకం కోసం అంత పట్టుదలగా గుమ్మం కాస్తున్న మనిషిని చూస్తే లోర్న్‌కు చెప్పబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే రెండో భాగం మొదలుపెట్టాడు.

అందులో కోట గుమ్మం దగ్గర ఒక ముసలి సార్జెంటమ్మ కాపలా ఉంటుంది. ఆమెను దాటి ఇంతవరకూ ఒక్క దెయ్యం కూడా లోపల అడుగు పెట్టలేదు.