నూరు శాతం నైపుణ్య ఆశ్రమం

"అక్షరం రాని చెయ్యి అవ్వకు అన్నం పెట్టరాదు!"

నకిరేకల్ సంధ్యాదీపం వృద్ధాశ్రమం సూపరింటెండెంట్ కమలాకర్ సార్ ఈ చారిత్రక ప్రకటనను తన నిలువెత్తు ఫొటో పక్కన ఫ్లెక్సీ మీద వేయించారు. చదవడం, రాయడం, లెక్కలు, ఇంగ్లీషు వచ్చిన ఆయాలకే ఇక నౌకరీ. ముందు క్లాసులు, తర్వాత పరీక్ష. తప్పినవాళ్లు ఇంటికి.

ఆ ఫ్లెక్సీని ఆయా జానమ్మకు ఇంకొకరు చదివి వినిపించాల్సి వచ్చింది. తల నెరిసింది. ఇంట్లో మొగుడు మంచాన పడ్డాడు. ఈ నౌకరీ పోతే పొయ్యి వెలగదు.

క్లాసులకు బెంచీలు రాలేదు. సార్ దూరదృష్టితో ఆలోచించి ముసలివాళ్లను వరండాలోకి పంపి, ఆయాలను వాళ్ల మంచాల మీద కూర్చోబెట్టారు.

"ఒక ఆయా ఒక అవ్వకు పది నిమిషాల్లో స్నానం చేయిస్తే, పది మంది ఆయాలు ఎంతసేపట్లో చేయిస్తరు?"

"పది మంది మీద పడితే అవ్వ సచ్చిపోతది సార్," అంది జానమ్మ.

"సచ్చుడు సిలబస్‌ల లేదు. ఒక్క నిమిషం అని రాయ్!"

తర్వాత ఆశ్రమంలో ఇంగ్లీషే మాట్లాడాలన్న ఆర్డరు వచ్చింది. జానమ్మ వరండాలోకి పోయి భద్రమ్మ అవ్వ ముందు నిలబడింది.

"గుడ్ మార్నింగ్ మేడం. హౌ ఈజ్ యువర్ పెయిన్?"

"పొద్దుపొద్దుగాల్నే ఎవల్ని తిడుతున్నవే?"

కమ్యూనికేషన్ మొదలైందని సార్ సంతోషించారు.

ఆయాలంతా చదువులో మునిగితే మరి పని? సార్ దానికి 'సెల్ఫ్ కేర్' అని పేరు పెట్టారు. భద్రమ్మ కొంగు దోపి, ఆయాల ఏప్రన్ కట్టుకుని, చూపు ఆనని కృష్ణయ్య తాతకు బువ్వ తినిపించడం మొదలుపెట్టింది.

పరీక్షకు ముందురోజే మంత్రిగారు ఊడిపడ్డారు. జానమ్మ మంచం మీద కళ్లు మూసుకుని ఊగుతోంది. "వన్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్... వన్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్..."

మంత్రిగారి గుండె కరిగింది. "పాపం, మతి తప్పినట్టుంది!" శాలువా కప్పారు. చేతిలో అరటిపండు పెట్టారు. ఫొటో దిగారు.

"సార్, నేను ఈడ ఆయాను!"

మంత్రిగారు కమలాకర్ వైపు తిరిగారు. "అందరూ గిట్లనే అంటరా?"

"కొందరు అంటరు సార్."

వరండాలో భద్రమ్మను చూసి మంత్రిగారు ఆగిపోయారు. "గిది కదా నైపుణ్యం! ఈమెకు నేటి నుంచి పర్మనెంట్ నౌకరీ!" అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది కమలాకర్ సారే.

మంత్రిగారి కార్లు పోగానే జానమ్మ శాలువాతోనే కమలాకర్ సార్ వెంట పరుగెత్తింది.

"జర నిజం చెప్పరాదుండ్రి సార్!"

"మంత్రిగారి నోట వచ్చినంక మార్చనీకె నేనెవర్ని? నీకేం తక్కువైంది? మంచం, తిండి, మందులు, అన్నీ ఫ్రీ."

"మరి ఇంట్ల మా ఆయన?"

"దరఖాస్తు పెట్టుకోమను. శానా మంది లైన్‌ల ఉన్నరు."

సాయంత్రం భద్రమ్మ పళ్లెంతో జానమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ముద్ద కలిపి నోటికి అందించింది.

"జర జల్ది తిను బిడ్డా. రేపు నాకు ఇంగ్లీషు పరీక్ష ఉంది."