వెనక ఇరుసు కూత

బుధవారం పొద్దున సదానందం పెట్టుకున్న పనులు మూడే. చాయ్ తాగడం, పాత తెల్ల ఎస్‌యూవీని కడగడం, టైర్లలో గాలి కొట్టించడం. ఆదివారం పాలంపేటలో భార్య ప్రేమలత పెద్దమ్మ సమ్మమ్మ దినాలు. మొగుడూ పెళ్ళాం ఆ బండిలోనే పోవాలి. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషికి వరంగల్ నుంచి పాలంపేట ఒక దూరం కాదు.

చాయ్ గ్లాసు చేతికిచ్చి ప్రేమలత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"బండి కూతవెడ్తాంది. నువ్వు రేస్ ఇచ్చి గుంజుతాంటే కుయ్యిమంటాంది, కాలు తీస్తె ఊకుంటాంది. ఎన్కనుంచే వస్తాంది. ఆదివారం లోపట జర చూపియ్యి."

సదానందం గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. అతనికి ఏ కూతా వినబడలేదు. ఆ మాటకొస్తే ఈ రెండేళ్ళలో వినబడకుండా పోయినవి చాలానే ఉన్నాయి. కుక్కర్ ఈల పోయింది, ఫోన్ మోత పోయింది, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఆ పిలుపూ పోయింది. ఎదుట ఉన్న మనిషి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది కాబట్టి బతుకు బండి నడుస్తోంది. మొన్నామధ్య టీవీ గోల మీద పోట్లాట జరిగినప్పుడు, చెవులు పోయాయని తేలిన రోజున తాళాలు తన చేతికి రావాల్సిందేనని ప్రేమలత తేల్చేసింది. తనవి పాముచెవులని సదానందం ఆ రోజు గట్టిగా వాదించాడు.

వాదించాడు గానీ లోపల భయం ఉంది. రెండు నెలల కింద హన్మకొండలో ఒంటరిగా పోతూ ఎందుకో అద్దంలోకి చూశాడు. వెనక అంబులెన్స్ ఉంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో తెలియదు. పక్కకు తప్పుకుంటే అది దాటిపోయింది, పోతూ పోతూ దాని డ్రైవరు ఇటు తిరిగి ఏదో తిట్టాడు. అందులో పడుకున్న మనిషి బతికాడో లేదో సదానందానికి ఈనాటికీ తెలియదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే తాళాలు పోతాయి. తాళాలు పోయాక సదానందం అంటే ఏముంది, గల్లీ చివర అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బండ్లను చూసే ఇంకో ముసలాడు.

అందుకని చాయ్ ఒక గుక్క మింగి, "ఎరుకనే. వారం సంది వింటనే ఉన్న," అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే పెళ్ళాం చెబితే తెలిసినట్టు అవుతుంది కదా, అందుకని ఇంకో మాట చేర్చాడు. "ఎన్కనుంచి గాదు. ముందట, ఎడమ పక్క."

ప్రేమలత అతని వంక ఒకసారి చూసి, బస్సులు నడిపిన మనిషికి తనకంటే ఎక్కువే తెలుస్తుందిలే అనుకుని లేచిపోయింది.

హసన్‌పర్తి రోడ్డులో హైదర్ మెకానిక్ షెడ్డు ఉంది. హైదర్ పనివాళ్ళను పెట్టుకోడు, అన్నీ తనే చేసుకుంటాడు. రోడ్డు మీద పోయే బండి చప్పుడు విని దాని రోగం చెబుతాడని ముప్పై అయిదేళ్ళుగా పేరు. ఆ పేరు విని ములుగు నుంచి కూడా బండ్లు వస్తాయి. సదానందం కూడా ఆ ధైర్యంతోనే వచ్చాడు. తను నోరు మూసుకుని బండి నడిపితే చాలు, మిగతాదంతా హైదర్ చెవులు చూసుకుంటాయి.

ఇద్దరూ బండెక్కి చెరువు వైపు పోనిచ్చారు. హైదర్ కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు. కాసేపటికి కళ్ళు తెరిచి సదానందం మొహంలోకి చూస్తూ, ఎక్కడి నుంచి వస్తోందని అన్నకు అనిపిస్తోందో అడిగాడు. ఇది సదానందం ఎదురుచూడని ప్రశ్న. నసుగుతూ ఉండగా రోడ్డు పక్క పడుకున్న కుక్క ఒకటి వీళ్ళ బండి దగ్గరికి రాగానే మూతి పైకెత్తింది.

"ఇగో, ఇప్పుడు వస్తాంది," అన్నాడు సదానందం కుక్కను చూస్తూ.

"అవునన్నా, మస్తుగ వస్తాంది."

"ముందట ఎడమ పక్కనే గదా?"

"నాక్కూడ గట్లనే అనిపిచ్చింది," అన్నాడు హైదర్. అతని మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. అంత పేరున్న మెకానిక్ తన మాటతో ఏకీభవించాడంటే చెవులు మరీ అంతగా పోలేదేమోనని సదానందానికి ఆశ కూడా పుట్టింది.

ఆ సాయంత్రానికల్లా ముందరి ఎడమ చక్రం బేరింగు మారింది. గురువారం పొద్దున ప్రేమలతను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కాజీపేట దాకా తిప్పుకొచ్చాడు. తిరిగి వచ్చాక ఆమె దిగి, కూత ఇంకా పెరిగిందని చెప్పింది. కొత్త బేరింగు కుదురుకోవాలంటే రెండు రోజులు పడుతుందని సదానందం సర్దిచెప్పి, ఆమె లోపలికి పోగానే హైదర్ దగ్గరికి పరుగెత్తాడు. హైదర్ టైర్లను అటువి ఇటు మార్చాడు. సైలెన్సర్ పట్టీ బిగించాడు. మార్చిన ప్రతిసారీ ఇద్దరూ బండెక్కి పోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంత తగ్గిందని ఒప్పుకుని వచ్చారు.

ఇంట్లో మాత్రం తగ్గలేదు. గురువారం సాయంత్రం సదానందానికి ఒక ఉపాయం తట్టింది. ఫోన్‌ను వెనక సీట్లో పెట్టి, ఒక చుట్టు తిరిగి, చప్పుడు రికార్డు చేసి హైదర్‌కు పంపాడు. పదినిమిషాల్లో హైదర్ దగ్గర నుంచి నిమిషన్నర పొడుగున్న వాయిస్ మెసేజ్ వచ్చింది. సదానందం దాన్ని కుడి చెవికి పెట్టాడు, ఎడమ చెవికి పెట్టాడు, బాత్‌రూంలోకి పోయి తలుపేసుకుని విన్నాడు. గొణుగుడు తప్ప ఏమీ అందలేదు. చూడటానికి పెదవులు లేవు మరి. ప్రేమలతకు ఇచ్చి వినమనలేడు. మర్యాదగా ఉంటుందని బొటనవేలు బొమ్మ ఒకటి పంపించి పడుకున్నాడు.

శుక్రవారం బండి ఇచ్చి వచ్చి, హైదర్ నమాజు ముగించుకుని పని మొదలుపెట్టి ఉంటాడని మధ్యాహ్నం మూడింటికి పోయి చూస్తే గేర్‌బాక్స్ నేల మీద గోనెసంచి పరుచుకుని పడుకుని ఉంది.

"గిదెందుకు దించినవ్ భాయ్?"

"నువ్వే గదన్నా. గేర్‌బాక్స్ దించాల్నా వద్దా అని అడిగితె బొటనవేలు పెట్టినవ్."

నేను పంపిన చప్పుడు విన్నావా అని మాత్రం సదానందం అడిగాడు. మూడుసార్లు విన్నానని, అలాంటి చప్పుడు గేర్‌బాక్స్ తప్ప ఇంకేదీ చెయ్యదని హైదర్ చెప్పాడు. గేర్‌బాక్స్‌లో పళ్ళన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మళ్ళీ బిగించేసరికి శనివారం సాయంత్రమైంది. బండి తీసుకుపోవడానికి ప్రేమలత కూడా వచ్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి, కూత వెనక నుంచేనని, రేస్ ఇచ్చినప్పుడే వస్తోందని హైదర్‌కు కూడా మొదటి నుంచి చెప్పింది. హైదర్ ఆమె చెప్పిందంతా శ్రద్ధగా చూశాడు.

"సదన్న చెవులకు అందినంక మనమెంత వదినా. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ప్రేమలతకు ఫికర్ తగ్గలేదు. దారిలో ఆగిపోతే దిక్కెవరని, హైదర్‌ను కూడా పాలంపేటకు రమ్మంది. ఆదివారం పొద్దున మగవాళ్ళిద్దరూ ముందు, ఆమె వెనక, పక్కన పెద్దమ్మకు ఇష్టమని చేసిన సకినాల డబ్బా. ఆమెను పెంచింది ఆ పెద్దమ్మే. దారి పొడుగునా అది గుర్తొచ్చి ఆమె కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ములుగు దాటాక ఆమె ముందుకు వంగింది. ఇది కూత కాదు, ఏడుపని చెప్పింది. కాలిన వాసన వస్తోందని, వెనక లారీ హారన్ కొడుతోందని చెప్పింది. బండి ఆపమని చెప్పింది. ముందు ఉన్న ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ హాయిగా తల ఊపుతున్నారు. ఆమె సదానందం భుజం పట్టుకుని గుంజేలోపు బండి వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టయింది. వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. బండి అడ్డంగా తిరిగి, జారుకుంటూ పోయి, ఒక చక్రం వరిమడి గట్టు మీద పెట్టి ఆగింది.

వాళ్ళ వెనక జానెడు దూరంలో ఒక లారీ ఆగింది. దాని డ్రైవరు దిగివచ్చాడు.

"పెద్దమనిషీ, రెండు కిలోమీటర్ల సంది హారన్ కొడుతాన. ఒక్కసారన్న పక్కకు జరగవా? మీ ముగ్గుర్ని చంపి నేను జైలుకు పోవాల్నా?"

సదానందం అతని పెదవులు చూశాడు. ఈసారి ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. లారీ వెళ్ళిపోయింది. ప్రేమలత గట్టు మీద కూర్చుండిపోయింది, ఒళ్ళో డబ్బా, మొహంలో నెత్తురు చుక్క లేదు. హైదర్ అప్పటికే స్పానర్ పట్టుకుని బండి కిందికి దూరాడు. అతని కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి.

సదానందం ఆ కాళ్ళ పక్కన నేల మీద కూలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. పెళ్ళాం మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక హైదర్ కాళ్ళకే చెప్పుకున్నాడు.

"హైదర్ భాయ్, తప్పు నాదే. నాకు ఆ కూత ఒక్కనాడు సుత ఇనవడలే. రెండేండ్ల సంది నా చెవులు పనిజేస్తలేవు. నిన్ను ఉత్తగనే తిప్పిన. మొన్న ఒక అంబులెన్స్‌కు సుత నేను దారియ్యలే భాయ్. అండ్ల ఎవలున్నరో నాకెరుక లేదు."

హైదర్ తిడతాడనుకున్నాడు, తన్నినా పడాలనుకున్నాడు. బండి కింద నుంచి ఏ జవాబూ లేదు. స్పానర్ తిరుగుతూనే ఉంది. సదానందం కళ్ళు తుడుచుకుని మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. కాళ్ళు కదల్లేదు.

కాసేపటికి హైదర్ బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. ఇనుప రజను అంటిన వేలు చూపించి చాలా ఉత్సాహంగా చెప్పాడు.

"దొరికిందన్నా. ఎన్క ఇరుసుల డిఫరెన్షియల్. సీలు కారి నూనె మొత్తం పోయింది, పళ్ళు నున్నగ అరిగిపోయినయ్. చప్పుడు ఎన్కనుంచేనట, వదిన చెప్పింది నిజమే." అప్పుడు వాళ్ళ మొహాలు చూశాడు. "ఏందన్నా, గట్ల ఏడుస్తానవ్?"

ప్రేమలత డబ్బా కింద పెట్టి లేచింది. హైదర్ వెనక్కి పోయి, అతని తల పక్కనే రెండు చేతులూ ఎత్తి గట్టిగా చప్పట్లు కొట్టింది. మడిలో కొంగలు లేచిపోయాయి. హైదర్ సదానందం జవాబు కోసమే చూస్తున్నాడు.

ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. మూడేళ్ళ కిందటే షెడ్డులోని గ్రైండరు మోత తన చెవులు తినేసిందని హైదర్ ఒప్పుకున్నాడు. పేరు పోతే షెడ్డు పోతుందని గిరాకీల మొహాలు చూసి నెట్టుకొస్తున్నాడట.

"ఈ నాలుగు రోజులు నీ చెవుల మీదనే పనిజేసిన అన్నా."

"నేను నీ చెవుల మీద బండి నడిపిన," అన్నాడు సదానందం.

తాళాలు ఎవరూ అడగలేదు. సదానందమే తీసి ప్రేమలత చేతిలో పెట్టాడు. పెట్టాక గుండె కాస్త తేలికైంది, చెయ్యి మాత్రం బోసిపోయింది. ముగ్గురూ ట్రాలీ ఆటో ఎక్కి పాలంపేట చేరేసరికి పెద్దమ్మ పేరున పెట్టిన అన్నం పిట్టలు తిని పోయాయి. ప్రేమలత సకినాలు ఖాళీ విస్తరి పక్కన పెట్టి ఏడ్చింది. ఆ రోజంతా మొగుడితో మాట్లాడలేదు.

బండిని షెడ్డుకు గుంజుకొచ్చి హైదర్ వారం రోజులు దాని మీదే కూర్చున్నాడు. కొత్త పళ్ళ చక్రాలు వేసి, వాటికి నీలిరంగు పూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో గుర్తులు చూసి సరిచేశాడు. కంటితో చేసే పని కాబట్టి అద్భుతంగా వచ్చింది. పక్కింటి ఎల్లస్వామి నడుపుతుంటే ప్రేమలత వెనక సీట్లో కూర్చుని విని, కూత లేదని ప్రకటించింది. షెడ్డు ముందు నిలబడిన ఇద్దరు మగాళ్ళూ ఆమె పెదవుల వంకే చూస్తున్నారు. చెవులకు మిషన్లు పెట్టించుకుని వస్తే తాళాలు తిరిగి ఇస్తానని ఆమె మాటిచ్చింది. సోమవారం నాడు, ఆమె సాయం అక్కర్లేదని ఇద్దరూ ఘనంగా చెప్పి ఆటోలో దవాఖానకు పోయారు.

చెవుల డాక్టరు గది ముందు ఇద్దరి పేర్లూ మూడేసి సార్లు పిలిచి, రాలేదని రాసుకున్నారట. సాయంత్రం ఊడ్చే మనిషి వచ్చి భుజం తట్టేదాకా ఇద్దరూ తమ వంతు కోసం బెంచీ మీద ఓపిగ్గా కూర్చునే ఉన్నారు.