పొదకొక్క పోచ

ఒక పెద్ద అడవిలో ఫ్యాషన్ డిజైనర్ నక్క ఒకటి ఉండేది. చాటుగా చెప్పడమెందుకు, అది నేనే. పట్నంలో దర్జీ కొట్టు వెనక ఆర్నెల్లు పడుకుని వచ్చాను. అంత చదువు అడవిలో ఇంకెవరికీ లేదు.

వానలకి ముందు మృగరాజు ప్రకటించాడు: "ప్రకృతికి హాని చేయని దుస్తుల ప్రదర్శన పెడదాం. మన మూలాలు కనబడాలి."

మూలాలు ఎక్కడుంటాయో తెలియక, వాగు ఒడ్డున గూడు అల్లుతున్న గిజిగాడు తాత దగ్గరికి వెళ్లాను.

"మీ సంప్రదాయం చెప్పు తాతా, రాసుకుంటాను."

"చెప్పేదేముంది నాయనా. పొదకి ఒక్క గడ్డిపోచే తీస్తాం. తీసేముందు పొదని అడుగుతాం. వానలొచ్చేలోగా గూడు పూర్తవ్వాలి, మీ మామ్మ గుడ్లు పెట్టే వేళ."

నా కళ్లు చెమర్చాయి. నిజంగానే, ఒట్టు.

అవి ఆరకముందే కుందేళ్లను పిలిచి ఒడ్డు మీద గడ్డంతా కోయించాను. నలభై జతలు కుట్టాలి మరి. పైగా 'పొదకొక్క పోచ' అని గడ్డితోనే బ్యానరు అల్లించాను. సగం ఒడ్డు దానికే పోయింది.

"పొదని అడిగావా నాయనా?" అన్నాడు తాత.

"కమిటీని అడిగాను తాతా. ఏకగ్రీవం."

ప్రదర్శన రోజు ఏనుగుగారినీ, రెండు అడవిదున్నలనీ న్యాయనిర్ణేతలుగా ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఇక్కడే నా చదువు బయటపడింది. పొద్దుట్నుంచి ఉపన్యాసాలు విని వాళ్లు నకనకలాడుతున్నారు. నెమలి వేసుకొచ్చిన మొదటి పచ్చగడ్డి లంగాని దున్న వాసన చూసింది. రెండోదాన్ని కొరికింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. బ్యానరు కూడా మిగల్లేదు. నా గడ్డి కోటుని ఏనుగుగారు స్వయంగా ఆరగించారు.

"చెత్తన్నదే మిగల్లేదు! ఇదీ పర్యావరణమంటే!" అని మృగరాజు పొంగిపోయాడు. వేదిక మీద మిగిలిన ఒకే ఒక్క పోచని పటం కట్టించి, మొదటి బహుమతిగా నాకే ఇచ్చాడు.

మర్నాడే వాన. తాత తడిసి ముద్దయి వచ్చాడు.

"గూడు పూర్తికాకుండానే మీ మామ్మ గుడ్లు పెట్టేసింది. నీళ్లు కారుతున్నాయి. ఆ ఒక్క పోచ ఇస్తే చిల్లు మూసుకుంటాను నాయనా."

సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. అయినా పటాన్ని గట్టిగా పట్టుకుని, "ఇది మన వారసత్వం తాతా, తీయకూడదు" అన్నాను.

తాత తడిసిన రెక్కలు దులుపుకున్నాడు. "అడిగాను కదా నాయనా. పొదలైతే ఎప్పుడూ కాదనలేదు" అని వానలోకి ఎగిరిపోయాడు.

నీతి: సంప్రదాయాన్ని కాపాడాలంటే, ముందు దాన్ని పాటించేవాళ్ల చేతికి దొరక్కుండా చూడాలి.