నొచ్చుకునేవాళ్ళకు కుర్చీలు

నీరజాక్షి తన మొదటి వాక్యం టైపు చేసిన అరగంటలోపే, దానికి నొచ్చుకోబోయేవాళ్ళు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు.

ఆ ఊళ్ళో ఇది కొత్తేమీ కాదు. సొంత పేరుతో ఇంటర్నెట్‌లో ఏదైనా రాయబోతే చాలు, ఆ రాత వల్ల ఎవరెవరి మనసు కష్టపడుతుందో వాళ్ళందరి కాళ్ళూ వాటంతట అవే ఆ ఇంటిదారి పడతాయి. స్నానం మధ్యలో ఉన్నవాళ్ళకు మాత్రం తల తుడుచుకునేంత వ్యవధి దొరుకుతుంది. ఏం రాశారో వాళ్ళకు చెప్పరు. చదవాల్సిన అవసరం కూడా లేదు. నొచ్చుకుంటే సరిపోతుంది. మునిసిపాలిటీ వారు ప్లాస్టిక్ కుర్చీలు పంపిస్తారు, టీ రాసేవాళ్ళే పెట్టుకోవాలి.

నీరజాక్షి బస్సు కాంప్లెక్సులో అనౌన్సరు. ఇరవై ఏళ్ళకు పైగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, తప్పిపోయిన పిల్లాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో మైకులో చెబుతోంది. ఊళ్ళో ఆమె ముఖం చూసి గుర్తుపట్టనివాళ్ళు కూడా, కూరగాయల కొట్లో ఆమె బేరమాడితే వెనక్కి తిరిగి చూస్తారు. ఆమెకు ఒక కాలమ్ రాసుకోవాలని ఉండేది. దానికి ఒక పేజీ తెరుచుకుని 'మనవి' అని పేరు కూడా పెట్టుకుంది. ఎండాకాలం పోయి వానలు వచ్చినా ఆ పేజీలో పేరు తప్ప మరేం లేదు. ఇంతకీ ఆమె వెనకాడింది చదివే జనానికి జంకి కాదు. రాయాలనుకున్నది ఒక్కటే సంగతి, అది చాలా చిన్నది, పైగా సొంత ఇంటిది.

ఆమె భర్త గిరిధర్ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. మంచివాడు, నలుగురిలో సరదాగా మాట్లాడతాడని పేరు. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, విస్తరి ముందు కూర్చున్నాక ఆయన చెప్పే కథ ఒకటుంది. పెళ్ళయిన మొదటి రాత్రి నీరజాక్షి నిద్రలో, "ప్రయాణికులు తోసుకోవద్దు, వరుసలో రావలెను" అని అనౌన్స్ చేసిందట. అందరూ నవ్వేవారు. నీరజాక్షి కూడా నవ్వేది. ఆయన 'వరుసలో' అనేసరికి ఆమె పెదవులు తయారుగా ఉండేవి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె టైపు చేసిన వాక్యం ఇది: 'ఆ మాట నేను అనలేదు.'

వంటింట్లో పెరుగన్నం తింటున్న గిరిధర్ ముద్ద విడిచిపెట్టి లేచాడు. చెయ్యి కడుక్కుని, పెరటి తలుపులోంచి బయటికెళ్ళి, ఇల్లు చుట్టి వచ్చి ముందు తలుపు బెల్లు కొట్టాడు. నీరజాక్షి తలుపు తీసింది.

"లోపలికి రావచ్చా?" అన్నాడు, పరాయి ఇంటికి వచ్చినవాడిలా.

"రండి, కూర్చోండి," అంది ఆమె.

అప్పటికే మునిసిపాలిటీ పరిశీలకుడు చిన్నంనాయుడు ఆటోలోంచి కుర్చీలు దింపిస్తున్నాడు. బస్సు కాంప్లెక్సులో కంట్రోలరు పైడిరాజు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. గిరిధర్ కథను క్యాంటీన్‌లో చేరవేసింది ఆయనే. "ఏటమ్మా, నా గురించేనా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా కూర్చున్నాడు. చివరగా అత్తగారు సుభద్రమ్మ వచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. పోయినవాళ్ళకు కుర్చీ ఇవ్వాలి గానీ టీ ఇవ్వనక్కర్లేదని చిన్నంనాయుడు వివరించాడు. నీరజాక్షి ఆవిడకూ ఇచ్చింది.

టీ ఊదుకుంటూ ఆమె వేళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు, అంతే. నీరజాక్షికి గొంతు ఎండిపోయింది. మైకు ముందు ఎన్నడూ ఎండని గొంతు అది. ఆ వాక్యం చెరిపేసింది. వెంటనే ముగ్గురూ లేచి, గ్లాసులు స్టూలు మీద పెట్టి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. గిరిధర్ ఇల్లు చుట్టి వెళ్ళి పెరుగన్నం ముందు కూర్చున్నాడు.

"ఇలాగే అవుతుందండి మొదట్లో. ఇంకోటేదైనా ప్రయత్నించండి," అన్నాడు చిన్నంనాయుడు. కుర్చీలు మాత్రం తీయించలేదు.

ఆమె వాన గురించి రాసింది. స్లాబు కారుతున్న పక్కింటావిడ వచ్చి కూర్చుంది. వాన చెరిపేసి తన తల్లి చేసే పులుసు గురించి రాసింది. సుభద్రమ్మ తిరిగొచ్చింది, ఈసారి ముఖం ముడుచుకుని. పులుసు తీసేసి చిన్నప్పటి స్నేహితురాలి గురించి రాస్తే, ఆ వాక్యంలో పేరు లేని ఇంకో స్నేహితురాలు పక్క ఊరి నుంచి బస్సెక్కి వచ్చింది. సాయంత్రం అయ్యేసరికి నీరజాక్షి, ప్రయాణంలో మంచినీళ్ళు వెంట ఉంచుకోవడం ఆరోగ్యానికి మేలు అని ఒక పేజీ రాసింది. గది ఖాళీగా ఉంది. గుమ్మంలో ఎవరి చెప్పులూ లేవు.

చిన్నంనాయుడు లోపలికి తొంగిచూసి సంతోషించాడు. "చాలా బాగుందండి. మన ఊళ్ళో ఎక్కువమంది చివరికి ఇదే రాస్తారు. బొమ్మ ఒకటి పెట్టండి, అందంగా ఉంటాది."

నీరజాక్షి ఆ పేజీ పైకి చదువుకుంది. తన గొంతే, ప్లాట్‌ఫారం మీద వినబడే గొంతు. ఎవరో రాసిచ్చిన కాగితం చదివినట్టే ఉంది. కాకపోతే ఈసారి ఎవరూ రాసివ్వలేదు. అది తలుచుకుంటే ఆమెకు కుర్చీలు నిండినప్పటి కన్నా ఎక్కువ భయం వేసింది. పేజీ అంతా చెరిపేసి, ఆ పాత వాక్యం మళ్ళీ కొట్టింది. బెల్లు మోగింది.

ముగ్గురూ తిరిగొచ్చారు. ఈసారి గిరిధర్ కూర్చోకముందే తెర మీది వాక్యం చూసి అడిగాడు. "సరదాకి చెప్పేదే కదా నీరజా. నీకు కష్టంగా ఉంటే ఒక్కసారైనా చెప్పొచ్చు కదా."

"ఇప్పుడు చెబుతున్నానండీ."

"ఇది చెప్పడమా? నన్ను నా ఇంటికి చుట్టంలా రప్పించావు." గొంతు తగ్గించాడు. "అయినా నిద్రలో అన్నది నీకెలా తెలుస్తుంది? నిద్రపోయే మనిషికి ఏం అన్నదో గుర్తుంటుందా?"

"ఆ రాత్రి నేను నిద్రపోలేదండీ," అంది నీరజాక్షి.

పైడిరాజు ఖాళీ గ్లాసులోకి చూసుకున్నాడు. గిరిధర్ గోడ మీది ఫ్యాను రెగ్యులేటరు వైపు తిరిగి, ఎక్కువలోనే ఉన్న ఫ్యాన్ని ఇంకా ఎక్కువ చేయాలని చూశాడు. సుభద్రమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల వైపు చూస్తూ మాట్లాడింది.

"నేనూ నవ్వానమ్మా ప్రతిసారీ. నువ్వు నవ్వుతున్నావా లేదా అని నీ ముఖం చూసి మరీ నవ్వేదాన్ని. అది కూడా రాస్తావేమోనని వచ్చాను."

"రాయాలని అనుకోలేదత్తయ్యా. ఇప్పుడు మీరన్నాక తట్టింది."

"రాయి మరి," అంది ఆవిడ నెమ్మదిగా. అయినా కుర్చీలోంచి లేవలేదు. నొచ్చుకోవడం ఆవిడ చేతిలో లేదు.

నీరజాక్షి రాసింది. అత్తగారి నవ్వు గురించి, క్యాంటీన్ గురించి, పెదవులు ముందే తయారుగా పెట్టుకోవడం గురించి. రాస్తున్నకొద్దీ కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆ కథకు ఎప్పుడో ఎక్కడో నవ్వినవాళ్ళంతా వచ్చారు. కుర్చీలు చాలక చిన్నంనాయుడు పక్కవీధి నుంచి తెప్పించాడు. ఈ రాక ఎప్పుడు ఆగుతుందా అని ఆమె చూసింది. అది ఆగేది కాదని తెలిశాక, ప్రచురించు అన్న చోట నొక్కింది.

ప్రచురించాక నియమం ప్రకారం ఇక కూర్చోనక్కర్లేదు. అందరూ లేచారు. చదువుతామని ఎవరూ అడగలేదు. గిరిధర్ బయటికెళ్ళి, ఇల్లు చుట్టి వచ్చి, పెరటి గుమ్మంలో నిలబడి, "పొద్దున్న టిఫిన్ ఏం చేస్తున్నావ్?" అని అడిగాడు. ఆ తర్వాత వెళ్ళిన బారసాలలో ఆయన పాత కథ చెప్పలేదు. "మా ఆవిడ కాలమ్ రాస్తోందండీ. నా ఇంట్లో నేనే బెల్లు కొట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు. నీరజాక్షి నవ్వలేదు. నవ్వనందుకు పెదవులు కొంచెం నొప్పి పెట్టాయి. ఇంటికొచ్చి అది కూడా రాసుకుంది. బెల్లు మోగింది, వెళ్ళి తలుపు తీసింది.

కాలమ్ చదివినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో హారిక ఒకతె. బస్సు కాంప్లెక్సులో రాత్రి షిఫ్టు అనౌన్సరుగా ఈ మధ్యే చేరిన పిల్ల. నీరజాక్షి దగ్గరే మైకు పట్టుకోవడం నేర్చుకుంది. "మేడం, మీది చదివాక నాకూ ధైర్యం వచ్చింది. నేనూ మొదలుపెడతాను," అని షిఫ్టు మారేటప్పుడు చెప్పింది. నీరజాక్షి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "తప్పకుండా రాయమ్మా, ఎవరొచ్చి కూర్చున్నా ఆగొద్దు," అంది. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు ఉదయం మైకులో, "పాలకొండ వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారం..." అంటుండగా నీరజాక్షి కాళ్ళు వాటంతట అవే లేచాయి. వాక్యం సగంలో ఉండిపోయింది. పైడిరాజు ఏమీ అడగకుండా మైకు అందుకున్నాడు. "ఎల్లిరండమ్మా," అన్నాడు, సెలవు చీటీ ఇచ్చినంత మామూలుగా.

దారి పొడుగునా ఆమె వెతుక్కుంది. తానేం అన్నది ఆ పిల్లని? యాస సరిచేసినప్పుడా? మొదటి రోజు గొంతు వినబడలేదని అందరి ముందూ మళ్ళీ చెప్పించినప్పుడా? లేక తనకు గుర్తే లేనిది ఇంకేదైనానా? ఏదీ పెద్దగా అనిపించలేదు. అన్నీ సరదాగా, నేర్పడం కోసం అన్నవే.

హారిక తలుపు తీసింది. చేతిలో ఫోను, ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం నీరజాక్షికి బాగా తెలుసు. గదిలో అప్పటికే ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు, చిన్నంనాయుడు ఆమెకో కుర్చీ చూపించాడు. రాయమ్మా, నా సంగతి పట్టించుకోకు అని చెప్పాలని నీరజాక్షి దారిలో అనుకుంది. నోరు తెరిచింది కూడా.

"ఇప్పుడివన్నీ అవసరమా హారికా?" అంది, ఊరందరికీ తెలిసిన ఆ గొంతుతో.

హారిక ఒక్క క్షణం ఆమె వైపు చూసి, "టీ తాగుతారా మేడం?" అని అడిగింది.

"పంచదార తక్కువ వెయ్యమ్మా," అని నీరజాక్షి కూర్చుంది. కూర్చుని, ఫోను తెర కనబడేలా కుర్చీని కాస్త ముందుకు జరుపుకుంది.