గున్నయ్య గుర్రుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్

ఒక పెద్ద అడవిలో ఉన్నది ఒక్కటే బస్సు. దాని డ్రైవరు ఎలుగుబంటి గున్నయ్య. అతను గుర్రు పెడితే చెట్టుమీది పిట్టలు లేచిపోయేవి. అడవంతా మురిసిపోయేది: "ఎంత హాయిగా నిద్రపోతాడో, అదృష్టవంతుడు!"

అసలు సంగతి పక్కన పడుకునే భార్య చిట్టెమ్మకే తెలుసు. ఆ గుర్రు ఉన్నట్టుండి ఆగేది, దాంతోపాటు ఊపిరీ ఆగేది. ఆమె మోచేత్తో ఒక్కటిస్తే మళ్లీ ఊపిరందుకునేవాడు. పెళ్లయిన నాటినుంచీ పాపం ఆమెకి కంటినిండా నిద్ర లేదు.

లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే గుడ్లగూబ డాక్టరమ్మ పరీక్ష చేసి పెదవి విరిచింది.

"నిద్రలో ఊపిరి ఆగుతోంది గున్నయ్యా. రాత్రంతా పడుకున్నా నీది నిద్ర కాదు. అందుకే పగలు స్టీరింగ్ ముందు తూగుతున్నావు. మూతికి గాలిగొట్టం పెట్టుకుని పడుకో. నయమయ్యాకే బస్సు."

"మూతికి గొట్టమా? కోతులు చూస్తే పరువు దక్కుతుందా?" అంటూ గున్నయ్య తిన్నగా లైసెన్సు ఆఫీసుకి పోయాడు.

బస్సు ఆగిపోతే ఆఫీసరు నక్కగారు అత్తారింటికి నడిచిపోవాలి. "నిద్రలో ఊపిరి ఆగకూడదనే రూల్లో ఉంది. పక్కన భార్య ఉండకూడదని లేదుగా!" అన్నాడు.

మర్నాడు గున్నయ్యని ఆఫీసు బల్లమీదే పడుకోబెట్టి పరీక్ష. ఊపిరి ఆగబోయినప్పుడల్లా చిట్టెమ్మ మోచేత్తో పొడిచింది. నక్కగారు సంతోషంగా సంతకం పెట్టాడు.

"రేపట్నించి బస్సులోనూ పక్కనే కూర్చో చెల్లెమ్మా. తూగితే ఒకటివ్వు."

"రాత్రీ పొడిచి, పగలూ పొడిస్తే నేనెప్పుడు పడుకోను సార్?"

"అది మా శాఖ కిందికి రాదమ్మా."

ఆ వారమే నక్కగారు కుటుంబంతో అత్తారింటికి బయల్దేరాడు. కొండ మలుపులో గున్నయ్య తల వాలింది. చిట్టెమ్మ అప్పటికే అతని భుజంమీద ఒళ్లు మరిచి నిద్రపోతోంది. బస్సు రోడ్డు దిగి బురదగుంటలో కూర్చుంది. ప్రాణాలైతే దక్కాయి.

విచారణ కూడా నక్కగారే జరిపాడు. డ్రైవరుకి సర్టిఫికెట్ ఉంది, పైగా తన సంతకమే, కాబట్టి డ్రైవరు తప్పు లేదు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే కూర్చోమన్నాడు. డ్యూటీలో నిద్రపోయినందుకు చిట్టెమ్మని సస్పెండ్ చేశాడు. ఇకమీదట ఆమె మొగుణ్ణి పొడవరాదు.

ఇంటికొచ్చాక గున్నయ్య పక్క ఎక్కడానికి జంకాడు. "నిద్రలో ఊపిరాగితే ఎలాగే?"

"సస్పెన్షన్‌లో ఉన్నాను మావా," అని చిట్టెమ్మ అటు తిరిగి పడుకుంది.

గున్నయ్య కోతుల ముందునుంచే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి, గొట్టం మూతికి తగిలించుకుని మరీ వచ్చాడు.

నీతి: పెళ్లాం సస్పెండైతే గానీ మొగుడికి తన జబ్బు కనపడదు.