మొదటి వంతుకి గుడ్డు

ఒక పెద్ద అడవిలో, అంటే అంత పెద్దదేం కాదు, అందులో ఉన్నవాళ్ళు అలా చెప్పుకుంటారు, ఒక ఏరుండేది. ఏటికి తూర్పు గట్టున కొందరు, పడమటి గట్టున కొందరు కాపురం. ఎండాకాలం వచ్చేసరికి ఏరంతా ఎండి ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగులో ముందు ఎవరు తాగాలన్నదే అక్కడున్న ఒకే ఒక్క రాజకీయం.

అది తేల్చడానికి ఒక ఆట పెట్టుకున్నారు. ఫాల్గుణంలో రెండు జట్లూ ఏటి ఇసుకలో దిగుతాయి, జట్టుకి తొమ్మిదిమంది. ఒక తాటికాయని అవతలివాళ్ళ గీత దాటించాలి. బలమున్నవాళ్ళు ముందుండి తోస్తారు, కాళ్ళున్నవాళ్ళు వెనక కాయ పట్టుకుని పరిగెడతారు. మధ్యలో ఇసుక వదిలేసి గట్టెక్కిన జట్టు ఓడినట్టే. ఒక్కడు మిగిలినా జట్టు ఉన్నట్టే లెక్క.

గెలిచిన గట్టు ఎండాకాలమంతా ముందు తాగుతుంది, ఓడిన గట్టు తర్వాత తాగుతుంది. తర్వాతే కదా, ఏం పోయింది అనకండి. తూర్పు గట్టున నలభై అడవిపందులున్నాయి. అవి తాగి, దొర్లి, బయటికొచ్చాక మిగిలేదాన్ని నీళ్ళు అనడానికి చాలా పెద్ద మనసు కావాలి.

పోయినేడు పడమటి గట్టు ఓడిపోయింది. ఆ బురద తాగి గవరయ్య దూడ పది రోజులు లేవలేదు. గవరయ్య అంటే పడమటి జట్టులో ముందు వరసలో నిలబడే దున్నపోతు. మాట తక్కువ, మెడ లావు.

"ఈ ఏడు ఎలాగైనా గెలుస్తాం" అన్నాడు పెళ్ళాంతో.

"గెలవండి. లేకపోతే దూడకేం తాగించాలో నువ్వే చెప్పాలి" అంది నూకాలు.

ఓడినవాళ్ళ మీద జాలిపడి పెద్దలు ఒక రూలు కూడా పెట్టారు. ఏటా వయసుకొచ్చిన పిల్లల్ని కార్తీకంలో వరసగా నిలబెడతారు. ఓడిన జట్టుకి మొదటి వంతు, గెలిచిన జట్టుకి తర్వాతి వంతు, అలా మార్చి మార్చి ఏరుకోవాలి. కావాలంటే ఆటగాణ్ణి ఇచ్చి అవతలివాళ్ళ వంతు తీసుకోవచ్చు. రాబోయే ఏళ్ళ వంతులు కూడా మార్చుకోవచ్చు. ఇంత సందు దొరికితే నక్క ఊరుకుంటుందా.

పడమటి జట్టుకి పెద్ద సన్యాసిరావు అనే నక్క. ఆయన జన్మలో తాటికాయ ముట్టుకోలేదు. ఆడేవాళ్ళకి ఆట అర్థం కాదని ఆయన నమ్మకం. ఆయనకి సలహాదారు పరమేశం అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంటే అందరూ ఆలోచిస్తున్నాడనుకునేవారు. చాలాసార్లు నిద్రపోయేవాడు.

ఆ ఏడు వరసలో ఒక ఏనుగు గున్న నిలబడింది. ఇంక ఆలోచించడానికేముంది, మొదటి వంతు మనదే, గున్న మనదే అని పడమటి గట్టంతా సంబరపడింది. వరస చివర ఇసుకలో ఒక గుడ్డు కూడా ఉంది. అది వయసుకి రావడం మాట దేవుడెరుగు, ఇంకా పుట్టనేలేదు. ఎవరు పెట్టి పోయారో తెలీదు.

"గున్న బాగానే ఉంది" అన్నాడు పరమేశం కన్ను తెరవకుండా. "కానీ ఒక లోటుంది. పెద్దయితే ఏనుగే అవుతుంది. అంతకు మించి ఎదగదు."

"మరి ఆ గుడ్డు?" అన్నాడు సన్యాసిరావు.

"అందులో మొసలి ఉండొచ్చు, గద్ద ఉండొచ్చు. ఏముందో తెలీదు కాబట్టి దానికి హద్దు లేదు."

సన్యాసిరావు మీసం దువ్వుకుని మొదటి వంతుకి గుడ్డుని తీసుకున్నాడు.

తూర్పు జట్టు పెద్ద పైడమ్మ అనే ఆడపంది. ఆవిడకి వ్యూహాలు తెలీవు, ఎవరు బలంగా తోస్తారో చూసి తీసుకుంటుంది. "గున్నని తొందరగా ఇటు తోలండర్రా, నక్కగారు మనసు మార్చుకుంటారేమో" అంది.

పడమటి జట్టులో అప్పలకొండ అనే అడవికోడి ఉండేది. "బాబూ, ఆ గుడ్డు మీద నేను కూర్చుంటాను. నెల తిరక్కుండా పిల్ల బయటికొస్తుంది" అంది.

"నీకు బుద్ధుందా? పొదిగితే పగులుద్ది, పగిలితే లోపలేముందో తెలిసిపోద్ది. ఇవాళ దాని విలువ ఐదుగురు ఆటగాళ్ళు. రేపు అందులోంచి బాతుపిల్ల వస్తే ఏం చెప్పుకోను?" అన్నాడు సన్యాసిరావు.

గుడ్డుకి వెచ్చదనం తగలకుండా నీడన తడి ఇసుకలో పెట్టి, విసరడానికి రెండు కుందేళ్ళని పెట్టారు. ఆ కుందేళ్ళు జట్టులో మంచి పరుగుగాళ్ళు. ఇప్పుడు విసనకర్రలయ్యాయి.

తర్వాత సన్యాసిరావు గవరయ్యని పిలిచాడు.

"గవరయ్యా, నిన్ను తూర్పు గట్టుకి ఇచ్చేస్తున్నాను. పైడమ్మ మూడేళ్ళ వంతులు ఇస్తానంది."

"నన్నెందుకయ్యా? నేనేం తప్పు చేశాను?"

"తప్పు కాదు, వయసు. గుడ్డు పగిలి, పెరిగి, ఇసుకలో దిగేసరికి నాలుగేళ్ళు. అప్పటికి నువ్వు ముసలాడివి. గుడ్డు వయసుకి సరిపడే జట్టు కడుతున్నాను."

"దాహం ఈ ఎండాకాలమే కదయ్యా."

"నువ్వు ఎండాకాలం గురించి ఆలోచిస్తావు, నేను తరం గురించి ఆలోచిస్తాను. ఈ ఏడు ఓడిపోతే మరీ మంచిది, మళ్ళీ మొదటి వంతు మనదే."

ఈ మాటకి గట్టు మీద చప్పట్లు పడ్డాయి. కొట్టినవాళ్ళలో సగంమంది పోయినేడు బురద తాగినవాళ్ళే. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

జట్టు మారినవాడు మారిన గట్టునే ఉండాలి, పెళ్ళాంబిడ్డలు మాత్రం పాత గట్టునే ఉండాలి. గవరయ్య ఏరు దాటుతుంటే దూడ వెంటబడింది. నూకాలు దాన్ని కొమ్ముతో వెనక్కి తోసి, "నాన్న పనిమీద వెళ్తున్నాడు" అంది. ఏం పనో అది చెప్పలేదు. వచ్చే ఫాల్గుణంలో గవరయ్య తన పని సరిగ్గా చేస్తే తన దూడే బురద తాగుతుంది.

సన్యాసిరావు అక్కడితో ఆగలేదు. జింకల్ని ఇచ్చి నాలుగో ఏటి వంతులు, ముళ్ళపందిని ఇచ్చి ఐదో ఏటివి తెచ్చాడు. ఫాల్గుణం వచ్చేసరికి పడమటి జట్టు చేతిలో పదకొండు వంతులున్నాయి, ఆడేవాళ్ళు ఏడుగురే ఉన్నారు. ఎనిమిదో ఆటగాడిగా గుడ్డుని రాశారు. తొమ్మిదో ఆటగాడిగా, ఇంకెవరూ లేక, సన్యాసిరావే దిగాల్సొచ్చింది.

ఆట మొదలైంది. గుడ్డుని గడ్డిచుట్ట మీద పెట్టి పడమటి గీత దగ్గర నిలబెట్టారు. పక్కన సన్యాసిరావు. తూర్పు జట్టు ముందు వరసలో గవరయ్య, గున్న. కాయ జింక దగ్గరుంది. కాసేపట్లోనే పడమటివాళ్ళంతా ఇసుకలో బొక్కబోర్లా పడ్డారు. గవరయ్య తల వంచుకుని గీత వైపు నడుస్తున్నాడు. గుడ్డు కనబడగానే, ఎవరి బిడ్డో పాపం అని, ఒక అడుగు పక్కకి తీశాడు.

ఆ పక్కనే సన్యాసిరావు ఉన్నాడు. ఆయన బెదిరిపోయి ఎగిరాడు, ఎగిరి గుడ్డు మీద చతికిలబడ్డాడు. అన్నాళ్ళకి దాన్ని పొదిగినవాడు ఆయనొక్కడే.

గుడ్డు టప్పున పేలింది. నాలుగు నెలలు నీడన మగ్గిన గుడ్డు. ఆ కంపు నేను వర్ణించను, మీరు భోజనం చేసే వేళేమో.

ముందు గున్న పరిగెత్తింది. అంత ముక్కున్నవాడికి అంత కంపు. దాని వెనక పందులు, జింకలు కాయ పారేసి తూర్పు గట్టెక్కేశాయి. పడమటివాళ్ళు పడమటి గట్టెక్కేశారు. సన్యాసిరావు మాత్రం ఒళ్ళంతా పూసుకుని, స్పృహ తప్పి అక్కడే పడున్నాడు. ఇసుకలో ఇంక మిగిలింది గవరయ్య. కాయ ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. గీత పది అడుగులు.

"తొయ్యి గవరయ్యా, తొయ్యి" అని పైడమ్మ గట్టు మీంచి అరిచింది.

గవరయ్య కాయని చూశాడు. పడమటి గట్టు మీద నాలిక బయటపెట్టుకు నిలబడ్డ దూడని చూశాడు. పుట్టినప్పట్నించీ బురదలో పొర్లుతూ, పేడలో పడుకునే దున్నపోతు, ముక్కు చిట్లించి, "అబ్బబ్బ, ఏం కంపు" అని తాపీగా తూర్పు గట్టెక్కేశాడు.

ఇసుకలో మిగిలింది సన్యాసిరావు ఒక్కడే కాబట్టి పడమటి గట్టు గెలిచింది.

మర్నాడు సన్యాసిరావుని ఏడుసార్లు కడిగి ఊరేగించారు. "గుడ్డు గెలిపిస్తుందని నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడాయన. "కుళ్ళేదాకా ఆగడమే వ్యూహం. ఓపిక లేనివాళ్ళు పొదిగేస్తారు" అన్నాడు పరమేశం. అప్పలకొండ వాళ్ళ మొహాలు చూసి గింజలు ఏరుకోవడానికి వెళ్ళిపోయింది. వచ్చే కార్తీకానికి గుడ్లు వెతకమని పైడమ్మ కూడా తన పందుల్ని పంపింది.

గవరయ్యని ఆవిడ ఉంచుకోలేదు. "వాసనకి పారిపోయే దున్న నాకెందుకు" అని తోలేసింది. ఆయన ఏరు దాటి సన్యాసిరావు దగ్గరికెళ్ళి, తన జట్టులో చేర్చుకోమని అడిగాడు.

"వాసనకి పారిపోయావటగా. ఇలాంటి పిరికివాళ్ళతో తరం కట్టలేం గవరయ్యా" అన్నాడు సన్యాసిరావు.

ఏ జట్టుకీ అక్కర్లేనివాడు ఏ గట్టునైనా ఉండొచ్చు. గవరయ్య ఇంటికి పోయాడు. పొద్దున్నే, పందులింకా రాకముందు, దూడ తేట నీళ్ళలో మూతి పెట్టి తాగుతుంటే నూకాలు పక్కకొచ్చి నిలబడింది.

"ఏవయ్యా, నీకు కంపేంటి?"

"ఊరుకోవే, దూడ తాగనీ" అన్నాడు గవరయ్య.

ఇందులో నీతి లేకపోలేదు: కుళ్ళిన గుడ్డుతో కూడా గెలవొచ్చు, కాకపోతే అవతలి గట్టున మనవాడొకడు ఉండాలి.