జింక వేటకు గోల్డ్ కేటగిరీ

“వేటాడనివాడు కివీ కాడు! కివీ కానివాడు ఈ దేశంలో సెటిల్ అయినట్టే కాదు!”

ఇన్వర్‌కార్గిల్ తెలుగు సమితి సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులు శేషయ్యగారు ఈ మాట ప్రకటించగానే ఇరవైరెండు మందిమీ చప్పట్లు కొట్టాం. ఆయన అంతవరకూ దోమను తప్ప మరో ప్రాణిని వేటాడి ఎరుగరు. ఆ దోమలు కూడా బాపట్లలో ఉన్నప్పటివి.

వెంటనే వేట అనుమతుల ఉపసంఘం ఏర్పడింది. కార్యదర్శిని నేను. చదువుకోవడానికి వచ్చి, కార్ల గ్యారేజీలో పనికి కుదిరి, ఇంకా పెళ్లికాని ఈ లక్ష్మణరావుకు ఏ పదవి ఇచ్చినా కాదనడని అందరికీ తెలుసు.

శేషయ్యగారు కేటగిరీలు నిర్ణయించారు. తుపాకి పట్టే కుటుంబ పెద్దలకు గోల్డ్, నూట ఇరవై డాలర్లు. తుపాకి పట్టినట్టు ఫొటో మాత్రం దిగేవారికి సిల్వర్, డెబ్బై. శాకాహారులు జింకను దూరం నుంచి చూడవచ్చు. దానికి ‘దర్శనం’ కేటగిరీ, నలభై. ఆడవాళ్లకు పూర్తిగా ఉచితం, పులిహోర తెస్తే చాలు. రసీదులన్నిటి మీదా సంతకం నాది. వసూలైన డబ్బు ఆయన ఖాతాలోకి.

చిక్కల్లా శిరోమణి ఆంటీతో వచ్చింది.

ఆంటీ వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సు. పక్కింటి తెల్ల ముసలాయన దగ్గర తుపాకి కాల్చడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఐదేళ్లుగా సెలవు రోజున ఒంటరిగా అడవికి వెళ్లి జింకను కొట్టి తెస్తోంది. అందులో సగం మా కుర్రాళ్ల ఫ్లాట్‌కే వచ్చేది. రెండు చలికాలాలు మేం ఆ మాంసంతోనే గడిపాం. అయినా సమితి అనుమతి లేకుండా వేటాడటం క్రమశిక్షణారాహిత్యమని శేషయ్యగారు తేల్చారు. సంజాయిషీ కోరుతూ నోటీసు రాసింది నేనే. రాసిన రాత్రి కూడా ఆంటీ పంపిన కూరే తిన్నాను.

మర్నాడు ఆంటీ ఆ కాగితం పట్టుకుని గ్యారేజీకి వచ్చింది.

“ఏంటయ్యా లక్ష్మణా ఇది? గవర్నమెంటు పర్మిట్ ఫ్రీగా ఫోన్లోనే ఇస్తుంది కదా! ఐదు నిమిషాల పని. మీకు తెలీదా?”

నాకు తెలియదు. పరుగున వెళ్లి శేషయ్యగారికి చెప్పాను. ఆయనకు తెలుసు!

“ఫ్రీగా వచ్చేది పర్మిట్ ఎలా అవుద్దయ్యా?” అన్నారాయన జాలిగా. “దానికో వేల్యూ ఉండొద్దూ?”

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. గోల్డ్ కేటగిరీ మొత్తంలో తుపాకి గాని, లైసెన్సు గాని ఉన్నవాడు ఒక్కడూ లేడు. దాంతో ఆంటీకిచ్చిన నోటీసు రద్దయి, ఆహ్వానపత్రిక వెళ్లింది.

“వస్తాన్లే,” అంది ఆంటీ. “మీరు అడవిలో తప్పిపోతే మళ్లీ నాకే ఫోన్ చేస్తారు.”

ఊరికి గంటన్నర దూరంలోని ప్రభుత్వపు అడవి ముందు మా ఎనిమిది కార్లు ఆగాయి. పులిహోర దిగింది. ఒక్క తుపాకి చుట్టూ పదకొండు మంది ఫొటోల కోసం వరుస కట్టారు. ముట్టుకోనివ్వనని ఆంటీ అంటే, పక్కన నిలబడే దిగారు. అంతలో రేంజర్ జీపు వచ్చి ఆగింది. నడివయసు తెల్లావిడ, మర్యాదగా పర్మిట్లు అడిగింది.

శేషయ్యగారు మెడలోని లామినేట్ చేసిన కార్డు తీసి అందించారు. దాని మీద పైన జింక బొమ్మ, కింద ఆయన ఫొటో. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “వీటిలో వేటాడాల్సింది దేన్ని?” అంది.

అసలైన పర్మిట్ ఆంటీ ఫోన్లో ఒక్కటే ఉంది. రేంజర్ అది చూసి తలూపింది. వ్యవహారం అక్కడితో ముగిసేదే. కానీ పరువు మిగలాలిగా! శేషయ్యగారు ముందుకొచ్చి, “ఈవిడ మా గైడ్. మమ్మల్ని వేటకు తీసుకొచ్చింది ఈవిడే,” అన్నారు.

రేంజర్ ముఖం మారిపోయింది.

“సరదాకి వేటాడేవాళ్లకి పర్మిట్ ఉచితం. డబ్బు తీసుకుని జనాన్ని వేటకు తెచ్చేవాళ్లకి వేరే అనుమతి, వేరే ఫీజు ఉన్నాయి. మీకు ఆ అనుమతి ఉందా?”

“నేనెవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు,” అంది ఆంటీ. తర్వాత నా వైపు తిరిగి, తెలుగులో మెల్లగా, “తుపాకి లైసెన్సు తీసేస్తారేమో నాయనా,” అంది.

“ఇక్కడ ఎవరైనా డబ్బు కట్టారా?” అని రేంజర్ అందరినీ అడిగింది.

గోల్డ్ సభ్యులు శ్రీరామచంద్రమూర్తిగారు మెడలోని కార్డును చప్పున జాకెట్ లోపలికి తోసేశారు. “డబ్బా? మేమంతా ఫ్యామిలీ! పిక్నిక్‌కి వచ్చాం. పులిహోర తింటారా?”

మిగతావాళ్లు పులిహోర వైపు చూశారు. శేషయ్యగారు ఆకాశం వైపు చూశారు. నా సంచిలో రసీదు పుస్తకం ఉంది. దాన్ని తీసి రేంజర్ చేతికిచ్చాను.

ఆవిడ ఒక్కో కాగితమూ తిప్పింది. “సంతకం ఎవరిది?”

“నాది.”

“డబ్బు?”

“అధ్యక్షుల వారిది.”

మా ఇద్దరి పేర్లూ రాసుకుంది. ఆంటీకి క్షమాపణ చెప్పింది. వెళ్తూ వెళ్తూ, తుపాకి లేకుండా అడవిలో తిరగడానికి, జింకను చూడటానికి ఎవరికీ ఏ అనుమతీ అక్కర్లేదనీ, ఉచితమనీ చెప్పింది. అది విని అందరికన్నా ఎక్కువ బాధపడింది దర్శనం కేటగిరీ వారు.

రెండు వారాలకు రేంజర్ ఆఫీసు నుంచి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. వసూలు చేసిన డబ్బు తిరిగి ఇచ్చేయాలన్నారు. అత్యవసర సమావేశం జరిగింది. శేషయ్యగారిని నిలదీస్తారనుకున్నాను. కానీ పరాయివాళ్ల ముందు సమితి పరువు తీసినందుకు కార్యదర్శినైన నన్నే తొలగిస్తూ తీర్మానం పెట్టారు. ఏకగ్రీవం! చేతులెత్తిన వాళ్లలో మా ఫ్లాట్ వాళ్లూ ఉన్నారు.

ఆంటీ లేచి, “వేట నేర్చుకోవాలనున్నవాళ్లు శనివారం పొద్దున ఆరింటికి మా ఇంటికి రండి. పర్మిట్ ఎలా తీసుకోవాలో కూడా చూపిస్తాను. అంతా ఫ్రీ,” అంది. అందరూ మెచ్చుకున్నారు.

శనివారం ఆరింటికి నేనొక్కణ్ణే వెళ్లాను. ఏడు గంటలు కొండలెక్కాం. మోకాళ్లు దోక్కుపోయాయి. జింక కనబడలేదు. “మొదటి ఏడాదంతా నాకూ ఇంతే,” అని ఆంటీ నవ్వి, ఫ్లాస్కులోంచి టీ పోసింది. “వచ్చే వారం వస్తావా?” అంటే తప్పకుండా అన్నాను.

ఇంటికి చేరేసరికి ఫోన్లో సందేశం వచ్చి ఉంది. ఊరి పక్కనున్న బ్లఫ్ రేవు దగ్గర సముద్రంలో గాలం వేయడానికి సమితి అనుమతులు ఇవ్వనుంది. ఈసారి ప్లాటినం కూడా ఉంది. వేట డబ్బు వాపసు చేసే బదులు ఇందులో సర్దుబాటు చేస్తారట. సరదాకి సముద్రంలో గాలం వేసేవాడిని ఈ దేశంలో ఏ అనుమతీ అడగరని అప్పటికి మాకందరికీ తెలుసు. అయినా గంటలో ప్లాటినం నిండిపోయింది.

నేను ఫోన్ చేసేసరికి గోల్డ్ కూడా అయిపోయింది. శేషయ్యగారు పెద్ద మనసు చేసుకుని, పాత సంగతులు పక్కనపెట్టి, నన్ను సిల్వర్‌లో సర్దారు. వచ్చే శనివారమే ప్రయాణం. నాకు ఒంట్లో బాగోలేదని ఆంటీకి చెప్పాలి.